అమ్మ రొండిన దోపుకున్న లెక్క

నడవమని డాక్టరుగారు చెప్పిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట. "పొద్దున్న లేచింది మొదలు ఇంట్లో తిరుగుతూనే ఉంటా కదా, ఇంకా నడకేమిటి?" 68 ఏళ్లు, షుగరు, కుడి మోకాలి నొప్పి. రెండేళ్లు పోరి విసిగిపోయాను.

మొన్న వేసవిలో రాజమండ్రి వెళ్లినప్పుడు అమ్మ ఫోనులో అడుగులు లెక్కపెట్టే యాప్ వేశాను. చీరకి జేబుండదు కదా! ఫోను టీవీ పక్కన, అమ్మ వంటింట్లో. రాత్రికి 340 అడుగులు. అప్పుడు క్లిప్పు పెట్టుకునే చిన్న పెడోమీటరు కొన్నాను. తాళంచెవుల గుత్తితో పాటు అదీ రొండికి చేరింది.

మొదటి వారం టార్గెట్ ఏమీ పెట్టలేదు. మామూలుగానే ఉండి, రాత్రి అంకె రాయమన్నాను. పాల లెక్క రాసే క్యాలెండరు గడిలోనే రాసింది. సగటు 2,300. "ఇంతేనా నేను తిరిగేది?" అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

పదివేలు నడవాలని పక్కింటావిడ అనడంతో అమ్మకి టెన్షన్ పట్టుకుంది. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటరు పేరులోంచి పుట్టింది. 'మాన్‌పో' అంటే పదివేల అడుగులు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్లున్న ఆడవాళ్ల మీద చేసిన పరిశోధన గురించి అమ్మకి చెప్పాను. రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 తర్వాత పెద్ద తేడా కనబడలేదు. అది విన్నాక అమ్మ మొహం తేటపడింది.

రెండు వారాలకి 500 చొప్పున పెంచాం. కూరగాయల బండి కోసం గుమ్మంలో ఎదురుచూడటం మాని రైతుబజారుకి వెళ్తోంది. సాయంత్రం గోదావరి గట్టు మీద కాసేపు. మోకాలు సలిపిన రోజు ఎంత తగ్గినా అడగను. గుడిలో ప్రదక్షిణలు సగం లెక్కలోకి రాలేదని ఒకసారి బాధపడింది. మెల్లగా, కాలు ఎత్తీ ఎత్తకుండా నడిస్తే ఆ పరికరం పసిగట్టలేదు. "రాకపోతే రాకపోనీ, నువ్వు తిరిగావుగా" అన్నాను.

ఇప్పుడు సగటు 4,600. నిన్న రాత్రి ఫోను చేస్తే, "ఉండవే, ఇంకా మూడొందలున్నాయి. వీధి చివరిదాకా వెళ్లొచ్చి మాట్లాడతా" అని పెట్టేసింది.