దోర్నాల ఘాట్‌లో వినిపించిన టకటక

మొన్న వేసవిలో దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కుతుంటే మా నాన్న పాత కార్బురేటర్ కారు ఇంజిన్‌లోంచి, రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు, ఒకటే టకటక. కార్లో ఐదుగురం, నాలుగో గేరు, యాక్సిలరేటర్ మొత్తం తొక్కేసి ఉంది. మూడో గేరుకి దించితే తగ్గింది, నాలుగు వేస్తే మళ్లీ మొదలు. శిఖరేశ్వరం దాకా నాకు టెన్షనే.

తిరిగొచ్చాక ఒక మెకానిక్ అది టాపెట్ల (ఇంజిన్ వాల్వుల్ని కదిపే భాగాల) సౌండన్నాడు. సెట్ చేయించాం, పోలేదు. టాపెట్ల చప్పుడైతే బండి ఆపి ఐడిల్‌లో ఉంచినా వినిపిస్తుంది. మా కారుది నాకింగ్ అనే చప్పుడు. అది అలా కాదు, ఎత్తు ఎక్కేటప్పుడో, తక్కువ స్పీడులో పెద్ద గేరు వేసి తొక్కినప్పుడో, ఇంజిన్ మీద లోడ్ పడితేనే వస్తుంది.

లోపల జరిగేది ఇది: స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండరంతా వరసగా పాకాలి. అది చేరేలోపే, ఓ మూల మిగిలిన పెట్రోలు, గాలి ఆ వేడికీ ఒత్తిడికీ తట్టుకోలేక తమంతట తామే ఒక్కసారిగా భగ్గుమంటాయి. ఆ దెబ్బకి లోహం అదిరే చప్పుడే మనకు వినిపించేది. పట్టించుకోకుండా నడిపితే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోతుంది, పిస్టన్ రింగులు విరుగుతాయి, పిస్టన్‌కే చిల్లు పడొచ్చు.

ఖరీదైన పెట్రోలు కొట్టించమన్నారు చాలామంది. ఆక్టేన్ నంబర్ అంటే పెట్రోలుకున్న శక్తి కాదు, తనంతట తాను అంటుకోకుండా ఓర్చుకునే గుణం. (ఆ గుణం కోసమే 1921లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ పెట్రోల్లో సీసం సమ్మేళనం కలపడం కనిపెట్టాడు. ఆ విషం మన బంకుల్లోంచి పోయేసరికి 2000 వచ్చింది, తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది.) మా కారుకి ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే చప్పుడు తగ్గింది కానీ పోలేదు.

అసలు తప్పు టైమింగ్‌లో, అంటే స్పార్క్ ఏ క్షణంలో పడాలన్న దాంట్లో ఉంది. ఇంకో మెకానిక్ టైమింగ్ లైట్ పెట్టి చూస్తే స్పార్క్ ఉండాల్సిన దానికన్నా బాగా ముందే పడుతోంది, ఎప్పుడో ఎవరో పికప్ కోసం డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) తిప్పి వదిలేశారు. బోల్టు వదులు చేసి, మాన్యువల్‌లో రాసిన డిగ్రీలకి తెచ్చి బిగించాడు. రేడియేటర్ రెక్కల్లో మట్టి, పురుగులు పేరుకుని ఉంటే అవీ కడిగించాం, ఇంజిన్ వేడెక్కినా నాకింగ్ వస్తుంది కదా. కొత్త బళ్లలో నాకింగ్‌ని పసిగట్టే నాక్ సెన్సార్ ఉంటుంది, అది టైమింగ్‌ని తనే వెనక్కి జరుపుతుంది కాబట్టి చప్పుడు రాకపోవచ్చు, పికప్ మాత్రం తగ్గుతుంది.

పోయిన వారం అదే ఘాట్, అదే ఐదుగురం. అద్దాలు దించి విన్నాను. ఒక్క మలుపు దగ్గర కాస్త టక్‌మంది, అది లోపల పేరుకున్న కార్బన్ వల్ల కావచ్చు, వచ్చే నెల హెడ్ విప్పించి గీకించాలి.