జొన్న మిక్చర్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే

ఆదివారం. భోజనాలయ్యాక వంటింటి అలమరలో ఉన్న చిరుతిళ్ల డబ్బాలు, ప్యాకెట్లు అన్నీ కిందికి దించి ముందేసుకుని కూర్చున్నాను. అత్తయ్యకు షుగర్ బయటపడ్డ దగ్గర్నుంచి మా ఇంట్లోకి వచ్చే చిరుతిండి మారిపోయింది. కారప్పూస పోయి జొన్న మిక్చర్ వచ్చింది, మామూలు బిస్కెట్లు పోయి మల్టీగ్రెయిన్‌వి వచ్చాయి, స్వీట్ల చోట్లో చక్కెర వెయ్యని డ్రై ఫ్రూట్ లడ్డూ. ధర మాత్రం దేనికదే దాదాపు రెట్టింపు. బరువు తగ్గాలని డాక్టర్ గట్టిగానే చెప్పారు, ఆవిడ కూడా పాపం రెండు పూటలా నడుస్తున్నారు, రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకుంటున్నారు, అయినా బరువు కదలడం లేదు. మూడు పూటల తిండిలో తగ్గించడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి సాయంత్రం నాలుగున్నరకి టీతో పాటు తినేదాని మీదికి నా చూపు పోయింది.

జొన్న మిక్చర్ ప్యాకెట్ ముందు వైపు జొన్న కంకి బొమ్మ, పచ్చటి రంగు. వెనక చిన్న అక్షరాల్లో పదార్థాల పట్టీ: మొదట శనగపిండి, రెండోది పామోలిన్ నూనె, జొన్నపిండి మూడోది, అదీ 18 శాతం. ఈ పట్టీ ఎలా పడితే అలా రాసేది కాదు, ఏది బరువులో ఎక్కువ ఉంటే అది ముందు రాయాలని మన ఆహార భద్రతా సంస్థ నిబంధన. అంటే ఆ ప్యాకెట్లో జొన్న కంటే నూనె ఎక్కువ. 100 గ్రాములకి 528 క్యాలరీలు, కొవ్వు 32 గ్రాములు. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు, పిండి పదార్థానికైనా ప్రోటీన్‌కైనా 4, కాబట్టి 528లో 288 ఒక్క కొవ్వుదే. సగానికి పైనే. "సర్వింగ్ 30 గ్రాములు" అని కూడా ఉంది. అత్తయ్య రోజూ తినే స్టీలు గిన్నె తెచ్చి ఆవిడ పోసుకునేంత పోసి కాటా మీద పెడితే 55 గ్రాములు వచ్చింది. 290 క్యాలరీలు, దాదాపు మూడు పుల్కాలు.

ఆవిడ పక్కనే కూర్చుని చూస్తున్నారు. "జొన్నలతో చేసిందే కదమ్మా, చేతికి నూనె కూడా అంటడం లేదు" అన్నారు. నిజమే, అంటదు. ఎందుకంటే నూనె పైన ఉండదు, లోపలికి పోతుంది. వేగేటప్పుడు పిండిలో ఉన్న నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తూ ఉంటుంది కాబట్టి అప్పుడు నూనె పెద్దగా లోపలికి పోలేదు, చిల్లుల చట్రంతో తీశాక చల్లారేటప్పుడే ఆ ఖాళీల్లోకి పైన ఉన్న నూనెంతా పీల్చుకుంటుంది. అందుకే మా అమ్మ జంతికలు తీయగానే మూకుడు మీదే చట్రాన్ని గట్టిగా విదిలించి, వేడి మీదే జల్లెడలో నిలువుగా నిలబెట్టేది. జొన్నైనా రాగైనా బియ్యప్పిండైనా నూనెలో పడ్డాక దాని దారి అదే. అసలు పిండిగా చూసినా తేడా తక్కువ: 100 గ్రాముల బియ్యానికి 350 చిల్లర క్యాలరీలు ఉంటే జొన్నకి 330 పైచిలుకు, రాగికి 320. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, రాగిలో కాల్షియం ఎక్కువ, అందుకు తినాల్సిందే, సంకటో రొట్టో చేసుకుని. బరువు తగ్గడానికని రాగి చెగోడీలు కొనడంలో మాత్రం అర్థం లేదు.

మిగతావి త్వరగానే చూశాను. మల్టీగ్రెయిన్ బిస్కెట్లలో మొదటి పదార్థం మైదా, ఒక్కో బిస్కెట్టు 70 క్యాలరీలకి దగ్గర్లో. ఓట్స్, తేనె కలిపిన గ్రానోలా 100 గ్రాములకి 460. తేనె, బెల్లం, ఖర్జూరం చక్కెర కాదన్న నమ్మకం మన ఇళ్లలో చాలా గట్టిగా ఉంది. బెల్లం 100 గ్రాములకి సుమారు 380, చక్కెర 400కి కాస్త అటూ ఇటూ, అంతే తేడా. డ్రై ఫ్రూట్ లడ్డూ ఒక్కటి 40 గ్రాములు తూగింది. అందులో ఖర్జూరం సగం, మిగతాది బాదం, జీడిపప్పు, కాస్త నెయ్యి అనుకున్నా ఒక్క ఉండ 170 క్యాలరీలకి తక్కువ కాదు. పట్టీలో అబద్ధం ఏమీ లేదు, చక్కెర నిజంగానే వెయ్యలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఈ మాట ఉంది: ప్యాకెట్ మీద ఆరోగ్యం గురించి రాసే మాటలు తప్పుదారి పట్టించగలవు, "షుగర్ ఫ్రీ" అన్నదాంట్లో కొవ్వు దండిగా ఉండొచ్చు అని. షుగర్ ఉన్నవాళ్ల చేతికి వెళ్లే ప్యాకెట్ల మీదే ఆ మాటలు ఎక్కువ కనపడతాయి, నాకు కోపం వచ్చేది అక్కడే. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఆ చిన్న అక్షరాలు ఎలా చదువుతుంది? అద్దాలు పెట్టుకున్నా అత్తయ్యకు కనపడలేదు, నేను ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూపించాల్సి వచ్చింది.

అంకెలన్నీ కాగితం మీద రాసి చూసుకుంటే నాకు ఒక విషయం స్పష్టమైంది. నూనె సంగతి అటుంచినా, అసలు ఎండిపోయినది ఏదైనా గ్రాముకి క్యాలరీలు ఎక్కువే. ద్రాక్ష 100 గ్రాములకి 70 క్యాలరీలు, అదే కిస్‌మిస్ అయితే 300. పచ్చి కొబ్బరి 350 నుంచి 400, ఎండు కొబ్బరి 600 పైనే. ఉడకబెట్టిన పల్లీలు 320 దాకా, వేయించినవి 580. పదార్థం అదే, నీళ్లు పోయాయి. నీళ్లు పోతే నిలవ ఉంటుంది, నిలవ ఉంటే ప్యాకెట్లో పెట్టి అమ్మొచ్చు. అందుకే ప్యాకెట్లో దొరికే ఆరోగ్యకరమైన చిరుతిండి దాదాపు ఎప్పుడూ ఎండుదే. కడుపు తేలిగ్గా నిండాలంటే నీళ్లున్నది తినాలి, అది రేపటికి పాడైపోతుంది కాబట్టి ఎవరూ ప్యాకెట్ చెయ్యరు, మనమే చేసుకోవాలి.

అలా ఆలోచిస్తే మనకి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు, గుగ్గిళ్లు ఉండనే ఉన్నాయి. రాత్రి దోశలకని మినప్పప్పు నానబోసేటప్పుడు పక్కనే నల్ల శనగలు కూడా నానబోశాను కాబట్టి సాయంత్రానికి అవే పెట్టాను. కుక్కర్‌లో ఐదు కూతలు, గింజ వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి కానీ తొక్క ఊడకూడదు. ఉడికిన నీళ్లు పారబొయ్యలేదు, రేపటి చారులోకి. పోపు మూకుట్లో కాకుండా పోపు గరిటెలోనే పెడితే ఒక్క టీ స్పూను నూనె చాలు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ అన్నీ ఆ గుంటలో నూనెలోనే మునుగుతాయి. అదే వెడల్పాటి మూకుడైతే నూనె అడుగంతా పరుచుకుపోయి చాలదనిపించి మనకి తెలియకుండానే మూడు స్పూన్లు పోస్తాం, స్పూనుకి 45 క్యాలరీల లెక్కన. పోపు కలిపాక పచ్చి ఉల్లిపాయ, కీరదోస ముక్కలు, కొత్తిమీర, నిమ్మరసం. పచ్చి మామిడికాయ దొరికితే ఇంకా బాగుండేది. 100 గ్రాముల గుగ్గిళ్లు 175 క్యాలరీల లోపే, ఉల్లి, కీర కలిసేసరికి గిన్నె నిండిపోయింది. అత్తయ్య నెమ్మదిగా నమిలి తింటూ ఉంటే అరగంట పట్టింది, రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆకలి అనలేదు. "వినాయక చవితి ప్రసాదంలా ఉంది" అన్నారు, మెచ్చుకోలుగానే.

మా చిన్నోడికి మాత్రం కరకరలాడేది లేకపోతే కుదరదు, వాడి వయసుకి అది న్యాయమే, రోజంతా పరిగెత్తేవాడు. వాడి కోసం పేపర్ అటుకుల మిక్చర్ చేశాను, నూనెలో వేయించకుండా. అటుకుల్ని ఎండలో గంటసేపు పెట్టి, తర్వాత సన్న సెగ మీద వెడల్పాటి మూకుట్లో నలిపితే పొడి అయ్యేదాకా వేపాలి, ఓపిక కావాలి, సెగ పెంచితే అంచులు ముడుచుకుని నల్లబడతాయి. ఉప్పూ కారం నేరుగా చల్లితే అడుగుకి జారిపోతాయి, కాబట్టి రెండు టీ స్పూన్ల నూనెలో కరివేపాకు, దంచిన వెల్లుల్లి వేగాక స్టవ్ ఆపేసి పసుపు, ఉప్పు, కారం ఆ నూనెలోనే కలిపి, దాన్ని అటుకులకి పట్టించాలి. పుట్నాలు ధారాళంగా, పల్లీలు గుప్పెడు. గిన్నె నిండా పోసినా 25 గ్రాములు దాటలేదు, 100 క్యాలరీలకి కాస్త ఎక్కువ. ఇదీ ఎండుదే, కానీ నిండా గాలి, నూనె రెండు స్పూన్లే.

జామకాయలు ఫ్రిజ్‌లో ముందు వరసలోకి మార్చాను, మజ్జిగ సీసా కూడా. మధ్యలో ఎవరికైనా నోరు ఆడితే ముందు అవి కనపడాలి. కొన్న ప్యాకెట్లు పారెయ్యడం నాకిష్టం లేదు, డబ్బులు పెట్టి కొన్నవి, మా ఆయన ఆఫీసులో నలుగురికీ పంచుతానన్నారు.

నువ్వుల చిమ్మిలి దగ్గర మాత్రం అత్తయ్య ఒప్పుకోలేదు. నువ్వులు 100 గ్రాములకి 570 దాకా, పైన బెల్లం, షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా జాగ్రత్త అని కాగితం చూపించాను. "మా అమ్మ చేతి వంట అది, మానను" అన్నారు ఆవిడ. నేనూ మానమని అనలేదు, నువ్వుల్లో ఉన్న కాల్షియం ఈ వయసులో ఆవిడకి కావాలి కూడా. చివరికి బేరం కుదిరింది: బెల్లం సగానికి తగ్గించి, నువ్వులు ఇంకాస్త వేపి, నిమ్మకాయంత ఉండ బదులు ఉసిరికాయంత, వారానికి రెండు సార్లు, భోజనం అయిన వెంటనే. వచ్చే వారం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ లెక్క ఆయనకీ చెప్పి సరేనా కాదా అడగాలి.