పాలు తాగని బట్ట

రాత్రి తొమ్మిదిన్నర. అన్నాలు తిని, గిన్నెలు కడిగి ఇప్పుడే కూర్చున్నాను. సబ్బుతో మూడుసార్లు తోముకున్నా చేతులకి కరక్కాయ వాసన పోలేదు. గోళ్ల చుట్టూ నలుపు అలాగే ఉంది. ఉండనీ. రేపు బ్యాంకులో ఎవరైనా ఏమిటని అడిగితే చెప్పుకోవడం నాకు ఇష్టమే.

పొద్దున ఆరున్నరకి తిరుపతిలో బస్సెక్కాను. శ్రీకాళహస్తి 40 కిలోమీటర్లు కూడా ఉండదు. ఏడాదిన్నరగా నా ఆదివారాలన్నీ ఇలాగే. ముందు స్వామి దర్శనం, తర్వాత మాస్టారింట్లో కలంకారీ, అంటే బట్ట మీద కలంతో బొమ్మలు వేసే పని, చీకటి పడే వేళకి తిరుగు బస్సు. ఆ ఒక్కరోజు ఇంట్లో వంట మా ఆయనది. "వారానికి దొరికేదే ఒక్క సెలవు, ఆ రోజైనా ఇంటిపట్టున ఉండవా" అని అత్తమ్మ మొదట్లో అనేది. ఇప్పుడు తనే శనివారం రాత్రి నా సంచిలో పాత తువ్వాలూ, టిఫిన్ డబ్బా సర్ది పెడుతోంది. నేను వేస్తున్న బట్ట తన పుట్టింటి ఊరి శివాలయానికి. శివరాత్రికి స్వామి వెనక తెరగా కట్టాలని తన కోరిక. శివరాత్రి సరిగ్గా నెల ఉంది.

గుడిలో ఈరోజు జనం బాగానే ఉన్నారు. ఆదివారం రాహుకాలం సాయంత్రం 4.30కి మొదలవుతుంది. రాహుకేతు పూజకి ఆ వేళ కోసం చూసేవాళ్లు ఎక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్తే లైను కాస్త కదులుతుంది. గర్భగుడి ముందు మనకి దొరికేది అర నిమిషం. ఆ అర నిమిషం నేను దీపాన్నే చూస్తాను. ఇది వాయులింగం. లోపలికి గాలి వచ్చే దారి లేకపోయినా ఒక దీపం ఆడుతూనే ఉంటుంది. స్వామి ఊపిరి అంటారు. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని చూశాను, ఇవాళా చూశాను. కలం పట్టుకున్నాక మాత్రం ఆ దీపాన్ని చూస్తే నాకు సాలెపురుగు గుర్తొస్తోంది.

ఊరి పేరులో శ్రీ అంటే సాలెపురుగే. కాళం పాము, హస్తి ఏనుగు. పాముకి మణులున్నాయి, తెచ్చి పెట్టింది. ఏనుగు తొండం నిండా నీళ్లు తెచ్చి పోసి, మారేడు పత్రి పెట్టింది. సాలెపురుగు తేవడానికి ఏముంది? కడుపులో దారం తప్ప ఇంకేమీ లేదు. ఆ దారంతోనే స్వామికి గుడి అల్లింది. శివుడు దాన్ని పరీక్షించాలనుకుని దీపం మంట ఆ గూటికి తగిలేలా చేశాడట. కళ్లముందే గుడి అంటుకుంటుంటే అది పారిపోలేదు, ఆ మంటనే మింగబోయింది. స్వామి మోక్షం ఇచ్చింది అప్పుడే. పాము, ఏనుగుల కథే ఎక్కువమంది చెప్పుకుంటారు. దాని పూజ దీనికి మైలగా, దీని పూజ దానికి అపచారంగా కనిపించి, చివరికి పాము తొండంలో దూరి, ఏనుగు తలని రాతికి కొట్టుకుని రెండూ పోవడం. పెద్ద కథే. నాకు మాత్రం సాలెపురుగే దగ్గర. చేతిపని చేసేవాళ్ల కథ అది.

ఇంకో మాట ఇవాళ లైన్లో నిలబడి ఉండగా తట్టింది. ఇక్కడ స్వామివారి లింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరు. కానీ ఈ క్షేత్రం కథలన్నీ తాకిన కథలే. దారం అంటుకుంది, పడగ ఆనింది, తొండం తడిమింది. కన్నప్ప అయితే చెప్పుకాలితో నిర్మాల్యం తోసేసి, పుక్కిట పట్టి తెచ్చిన నీళ్లతో అభిషేకం చేశాడు. ఒక కన్ను పెట్టేశాక, రెండోది కూడా పెకలిస్తే స్వామి కన్ను ఎక్కడుందో తెలియదని కాలి బొటనవేలు అక్కడ ఆనించుకున్నాడు. అలాంటివాడికి ఈ ఊళ్లో ఎంత మర్యాదంటే, బ్రహ్మోత్సవాల్లో తొలి ధ్వజారోహణం కొండ మీద కన్నప్పకే. లింగం మీద అడుగున సాలెపురుగు, మధ్యలో రెండు దంతాలు, పైన పడగ గుర్తులు ఉన్నాయని చెబుతారు. తాకినవాళ్ల గుర్తులన్నీ స్వామి తన ఒంటి మీదే దాచుకున్నాడన్న మాట. ఇది తట్టాక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక ఎవరో జరగమన్నారు, జరిగాను.

గుడి బయట అంగళ్లలో కలంకారీ పేరుతో మిషన్ ప్రింటు చీరలు వేలాడుతున్నాయి. పెడన వాళ్ల అద్దకం వేరు. అక్కడ చెక్క అచ్చులతో చేత్తో అద్దుతారు, అదీ పెద్ద విద్యే. ఇవి అదీ కావు, ఇదీ కావు. పాలిస్టర్ మీద బొమ్మ వేసి కలంకారీ అని అమ్మడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కొనే ఆవిడకి తేడా ఎవరు చెప్పాలి? ఇవాళ ఒకామె పక్కనే బేరం చేస్తుంటే ఆగి, బట్టని తిప్పి వెనకవైపు చూడమన్నాను. కొట్టతను నా వైపు కోపంగా చూశాడు. చూడనీ.

మాస్టారింటికి వెళ్లేసరికి తొమ్మిది దాటింది. వరండాలో చాప పరిచి, నా బట్ట తీసి పెట్టి ఉంచారు. మధ్యలో లింగం, నాలుగు మూలల్లో సాలెపురుగు, పాము, ఏనుగు, కన్నప్ప. ఒక్కో బొమ్మ కింద పట్టీలో ఆ కథ తెలుగులో రాయాలి. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో గీతలు పోయిన వారమే అయిపోయాయి. ఇవాళ కసిం పెట్టాలి. నాకు వారమంతా అదే టెన్షన్. బొగ్గు గీత దులిపితే పోతుంది, కసిం గీత పోదు.

కసిం అంటే ఇనుప నీళ్లు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియబెడతారు. మూత తీస్తే ముక్కుకి ఘాటుగా తగులుతుంది. కలం అంటారు గానీ అది వెదురు పుల్లే. మొన చెక్కి, కాస్త పైన పాత గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. కసింలో ముంచితే ఆ చుట్ట తాగుతుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకి దిగుతుంది. బట్ట మీద పెట్టినప్పుడు గీత టీ మరకలా ఉంటుంది, అంతే. చూస్తుండగానే బూడిదరంగుకి తిరిగి, నాలుగు ఊపిరులు తీసుకునేలోపు నల్లగా అయిపోతుంది. బట్టలో ఉన్న కరక్కాయ వగరు, కసింలో ఉన్న ఇనుము కలిసి చేసే పని అది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

లింగం బాగా వచ్చింది. ఏనుగు ఇంకా బాగా వచ్చింది, తొండం వంపు ఒక్క లాగుడులో దిగింది. మాస్టారు ఒకసారి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన ఏమీ అనలేదంటే బాగుందని. కన్నప్ప బొటనవేలి దగ్గర ఎక్కువసేపు పట్టింది. అది పాదంలా ఉండాలి, తన్నినట్టు ఉండకూడదు. వేలు కొంచెం పైకి లేచి, మడమ వెనక్కి ఉంటేనే అది గుర్తు కోసం ఆనించిన కాలు అవుతుంది. ఆయన బొగ్గుతో నాలుగుసార్లు దిద్దించిన చోటు అది.

సాలెపురుగుని చివరికి ఉంచుకున్నాను. ఇష్టమైన పని కదా. గూటి దారాలు వెంట్రుకంత సన్నగా రావాలి. మొదటి గీత పెట్టగానే గుండె జారిపోయింది. గీత నిలవలేదు. రెండు వైపులా చెమ్మలా పాకింది. రెండోది కూడా అంతే. మూడోది పెట్టకుండా కలం కింద పెట్టేసి మాస్టారిని పిలిచాను.

ఆయన కూర్చుని, ఆ మూలని రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశారు. "బట్ట పాలు తాగలేదమ్మా ఇక్కడ. ఎట్ల పిండినావు?"

ఎలా పిండానో నాకు గుర్తుంది. ఆ రోజు బస్సు టైమైపోతోంది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో బట్ట ముంచాక మొత్తం సమంగా పిండి ఆరేయాలి. బట్టలో మిగిలే ఆ పాల కొవ్వే గీతని పాకకుండా పట్టి ఉంచేది. నేను ఒక మూల పట్టుకుని గట్టిగా మెలి తిప్పి, దండెం మీద వేసి పరిగెత్తాను. ఆ మూలే ఇది. నా తొందర మూడు వారాల తర్వాత సరిగ్గా సాలెపురుగు దగ్గర బయటపడింది.

మాస్టారు తిట్టలేదు. లోపలికి వెళ్లి వాళ్ల నాన్నగారు వేసిన పాత తెర తెచ్చి పరిచారు. ఈ విద్య దాదాపు ఆగిపోయే స్థితిలో ఉన్నప్పుడు చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ గారు పట్టుబట్టడంతో 1957లో ఇక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం పెట్టారు. వాళ్ల నాన్నగారు నేర్చుకుంది అందులోనే. ఆ తర్వాత ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఈ ఇంట్లో కూడా పండగ చేసుకున్నారట. తెర మీద ఒక మూల గాలిగోపురం ఉంది. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గోపురం, 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్తది లేచాక ఇప్పుడు మనం చూస్తున్నది దాన్నే. పాత గోపురం ఫోటోల్లో చాలాసార్లు చూశాను. కానీ కసిం గీతల్లో, ఒక్కో అంతస్తూ చేత్తో లెక్కపెట్టి వేసింది చూస్తే ఎవరో ఎదురుగా కూర్చుని చెప్పినట్టుంది. దగ్గరగా వంగి చూశాను. ఒక్క గీత కూడా పాకలేదు.

"ఆ గూడు మీద రంగు వేసి కప్పేయొచ్చా మాస్టారూ?" అని అడిగాను. శివరాత్రి దగ్గర పడుతోందని నా భయం.

"కప్పొచ్చు. గోడకి కట్టుకునేదైతే కప్పుదువు. స్వామి వెనక కట్టేది కదమ్మా" అన్నారు. కాసేపాగి, "ఇంకో బట్ట పెడదాం. రంగులు తగ్గించుకో. నలుపూ ఎరుపూ చాలు" అన్నారు.

నాకు మొదట మనసొప్పలేదు. పసుపు, నీలం, వాటి మీద వచ్చే ఆకుపచ్చ, అన్నీ ఊహించుకుని ఉన్నాను. కానీ లెక్క వేస్తే ఆయన మాటే సరైనది. రాముడో కృష్ణుడో అయితే నీలం లేకుండా కుదరదు. ఇక్కడ లింగం నలుపే, ఏనుగు, పాము నలుపే. ఎరుపు కన్నప్పకి, దీపానికి. ఎరుపు కావలసిన చోట్ల పటిక నీళ్లు పెట్టి, ఆరాక కడిగి, రంగునిచ్చే చిరివేరు, సురుడు చెక్క, మంజిష్ఠ వేసిన రాగి కాగులో ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత తడుపుతూ ఎండలో పరుస్తుంటే మిగతా బట్ట తెల్లబడుతుంది. ఇదంతా పారే నీళ్లలో కడిగితేనే బాగా వస్తుంది. వెనకటి రోజుల్లో స్వర్ణముఖిలోనే కడిగేవాళ్లట. ఇప్పుడు నదిలో పారేంత నీళ్లు లేవు. మాస్టారింట్లో మోటారు వేసి తొట్టిలో నీళ్లు పొర్లిస్తూ కడుగుతారు. నది గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోతుంది.

మధ్యాహ్నం అన్నం తిని మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. గంజి పోయేదాకా ఉతికి ఆరేసిన గాడా బట్ట, అంటే ముతక నూలు బట్ట, మాస్టారి భార్య దగ్గర ఒకటి ఉంది, ఇచ్చారు. కరక్కాయ పొడిని పాలలో కలిపాను. ఉండలు లేకుండా వేళ్లతో నలుపుతుంటే పాలు లేత పసుపుకి తిరిగాయి. బట్టని ఒకేసారి ముంచలేదు. కొస నుంచి మడత మడతగా దించుతూ, ప్రతి మడతనీ అరచేత్తో నొక్కి బుడగలు పోయేదాకా ఆగాను. పిండేటప్పుడు ఆవిడ అటు కొస, నేను ఇటు కొస పట్టుకున్నాం. "మెలి తిప్పొద్దు, ఊరికే నొక్కు" అంటూ ఆవిడ చివరిదాకా చెబుతూనే ఉంది. మేడ మీద మంచి ఎండ. దండెం మీద కాకుండా చాప మీద పరిచాం, పాలు ఒక పక్కకి జారకుండా. గంటకోసారి వెళ్లి తిరగేశాను. నాలుగింటికి మూలలు నలిపి చూస్తే నాలుగూ ఒకేలా ఉన్నాయి, కాస్త బిరుసుగా, కాస్త జిడ్డుగా.

బస్సులో పక్క సీటు పెద్దావిడ నా చేతులు చూసి పెరుగు అమ్మే దానివా అని అడిగింది. బట్టకి పాలు పెట్టి వస్తున్నానని చెప్పి, ఊరొచ్చేదాకా కథంతా చెప్పాను.

ఇంటికొచ్చి అత్తమ్మ చేతిలో విభూతి పెట్టి, తెర మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చిందన్నాను. ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లోంచి, "ఆ సాలెపురుగుని ఈసారి ముందే వెయ్యి" అంది.

అలాగే వేస్తాను. చింతపుల్లలు వీధి చివర చెట్టు కింద ఉన్నాయి. రేపు సాయంత్రం నాలుగు ఏరుకొచ్చి కాల్చి పెట్టుకోవాలి.