రెక్కల్లేని పంపు

మా పాప స్కూల్ ఎగ్జిబిషన్ కోసం ఒక ప్రయోగం చేశాం. ప్లాస్టిక్ పళ్లెంలో చిక్కటి ఉప్పునీళ్లు, అటొకటి ఇటొకటి రాగి రేకులు, వాటికి 9 వోల్టుల బ్యాటరీ, పళ్లెం కింద బలమైన అయస్కాంతం. నీళ్ల మీద చిటికెడు మిరియాల పొడి చల్లాం. బ్యాటరీ తగిలించగానే ఆ పొడి రేకుల మధ్య నుంచి బారులు తీరి కదిలింది! తీగలు అటూ ఇటూ మారిస్తే వెనక్కి మళ్లింది. నాకు ఒళ్లు జలదరించింది.

కరెంటు అడ్డంగా పారుతుంది, అయస్కాంత క్షేత్రం నిలువుగా ఉంటుంది, ఆ రెండింటికీ లంబంగా బలం నేరుగా ద్రవం మీదే పడుతుంది. అంటే తిరిగే రెక్కలు లేకుండానే ద్రవాన్ని నెట్టే పంపు ఇది. మోటారులో తీగను నెట్టేదీ ఈ బలమే. ఉప్పునీటి కంటే కరిగిన లోహంలో కరెంటు ఎన్నో రెట్లు సులువుగా పారుతుంది కాబట్టి ఇలాంటి అసలు పంపులు ఎక్కువగా అక్కడే వాడతారు.

1920ల్లో బెర్లిన్‌లో ఐన్‌స్టీన్, మరో భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ కరిగిన లోహాన్ని నెట్టే ఇలాంటి పంపుతో ఫ్రిజ్ చేయాలనుకున్నారు. అప్పటి ఫ్రిజ్‌లలో కదిలే భాగాల చుట్టూ గ్యాసు బయటికి రాకుండా బిగించే సీళ్లలోంచి విషవాయువులు కారి జనం చనిపోయేవారు. కదిలే భాగమే లేకపోతే సీలు అక్కర్లేదు కదా! ఎంత మానవత్వం ఉన్న ఆలోచన! నమూనా తయారైంది, కానీ మోత ఎక్కువ, మార్కెట్లోకి రాలేదు.

ఆ పంపు తర్వాత అణు రియాక్టర్లలో పనికొచ్చింది. తమిళనాడులోని కల్పాక్కంలో ఉన్న ఫాస్ట్ రియాక్టర్లలో (వేగంగా కదిలే న్యూట్రాన్లతో నడిచే అణు రియాక్టర్లు) వేడిని మోసేది ద్రవ సోడియం. నీళ్లు తగిలితే అది భగ్గుమంటుంది, అందుకే బయటికి కారకూడదు. ప్రధాన పంపులు మామూలుగా తిరిగేవే, సోడియంని శుద్ధి చేసే చిన్న గొట్టాల్లాంటి చోట్ల మాత్రం ఈ రెక్కల్లేని పంపులు వాడతారు.