డ్రిప్పు వచ్చింది, ఉడతలూ వచ్చాయి

మా నల్గొండ వైపు బత్తాయి తోట అంటే బోరు మీద పెట్టుకున్న ఆశే. మాకున్నది మూడెకరాలు. మేం దరఖాస్తు పెట్టినప్పుడు చిన్న, సన్నకారు రైతులకు డ్రిప్పు (చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్లు వదిలే పైపులు) మీద 90 శాతం సబ్సిడీ, మిగతా 10 మన వాటా. ఎస్సీ, ఎస్టీలకైతే నూటికి నూరు. డబ్బు చేతికివ్వరు, కంపెనీవాళ్లే వచ్చి బిగిస్తారు. వాటా కట్టాక ఎనిమిది నెలలు ఎదురుచూశాం. మా నాయనకు రోజూ అదే టెన్షన్.

ఇప్పుడాయన చెప్పులు విడిచి, చెట్టు మొదట్లో తడిని కాలితో తొక్కి చూస్తాడు. "ఇంతేనా నీళ్లు?" అని గొణుగుతాడు. చెట్టుకు కాలువ నిండా పారితేనే ఆయనకు తృప్తి మరి! మా బోరు నీళ్లలో ఉప్పెక్కువ. డ్రిప్పర్ల మూతులకు తెల్లగా గార కడుతుంది, అప్పుడప్పుడు యాసిడ్ కలిపి వదలాల్సిందే. నిన్న ఉడతలు మళ్లీ రెండుచోట్ల పైపు కొరికాయి. జాయినర్లు తేవాలి.