ఫిబ్రవరిలో వచ్చినా చేర్చుకుంటాం

మా సర్కారు బడి హైదరాబాద్‌లో, బోరబండ వైపు ఒక బస్తీ సందులో ఉంది. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లం. ఒకటి, రెండు తరగతులు నావి. మూడు నుంచి ఐదు దాకా మా హెచ్‌ఎం మేడమ్ చూస్తారు. పిల్లలు నలభై మంది వరకు ఉంటారు, నెలనెలా కొంచెం అటూ ఇటూ అవుతుంటారు. "ఇంత చిన్న బడి ఎందుకు, పెద్ద బడిలో కలిపేస్తే పోదా?" అని తెలిసినవాళ్లే అడుగుతుంటారు. వాళ్లకు మా అడ్మిషన్ రిజిస్టర్ చూపించాలనిపిస్తుంది.

అందులో చేరికలు జూన్‌తో ఆగవు. ఆగస్టులో, దసరా తర్వాత, ఫిబ్రవరిలో కూడా కొత్త పేర్లు కనిపిస్తాయి. మా పిల్లల అమ్మానాన్నల్లో అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లు, కూలి పనికి వెళ్లేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లే ఎక్కువ. నారాయణపేట నుంచి, వనపర్తి నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వస్తారు. బిల్డింగ్ పని అయిపోతే ఇంకో చోటికి సామాన్లు సర్దుకుంటారు. బళ్లు ఎప్పుడు తెరుస్తారో చూసుకుని పని వెతుక్కునే వీలు వాళ్లకెక్కడిది?

సంక్రాంతి సెలవుల తర్వాత ఒకావిడ ఏడేళ్ల కొడుకును తీసుకొచ్చి గుమ్మం బయటే నిలబడింది. "మేడమ్, పిలగాన్ని బళ్లె ఏసుకుంటరా? కాయిదాలేం లెవ్వు" అంది. అంతకుముందు వేరే బడికి వెళ్తే టీసీ కావాలి, బర్త్ సర్టిఫికెట్ కావాలి అని తిప్పి పంపారట. వింటుంటే నాకు కోపం ఆగలేదు. 2009 విద్యాహక్కు చట్టం ఇదంతా ముందే ఆలోచించింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు. టీసీ రాలేదని ఆపకూడదు. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. బడి ముఖమే చూడని పిల్లవాడినైనా వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి, రాని చదువును ప్రత్యేకంగా నేర్పాలి.

మాకు అసలు పని మొదలయ్యేది అక్కడే. ఆ పిల్లవాడు రెండో తరగతి. 'అ' రాదు. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఇంగ్లిష్ మీడియం వచ్చాక మా పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. వాడికి రెండూ ఒకటే. అయితే మా గదిలో రెండు తరగతులూ కలిసే కూర్చుంటాయి కాబట్టి అక్షరాల టైములో వాడిని ఒకటో తరగతి వరసలోకి జరిపాను. ఎవరూ నవ్వలేదు, అసలు పట్టించుకోలేదు. లెక్కల టైముకు మళ్లీ తన వరసలోకి వచ్చేవాడు. యాభై నోటు ఇచ్చి ముప్పై రెండు రూపాయల సరుకు కొంటే ఎంత రావాలో అందరికంటే ముందు చెప్పేవాడు. కిరాణా కొట్టుకు వెళ్లేది రోజూ వాడే మరి.

ఇబ్బందులు లేవని కాదు. ఒకరు ట్రైనింగ్‌కో, ఏదో డ్యూటీకో వెళ్తే ఐదు తరగతులూ రెండోవాళ్ల మీద పడతాయి. ఆ రోజు చదువు సగమే సాగుతుంది. దానికి ఇంకో టీచర్‌ను ఇవ్వాలి గానీ బడి తీసేస్తే ఎలా? ఐదో తరగతి వరకు బడి ఇంటికి కిలోమీటరు లోపు ఉండాలన్న నిబంధన ఊరికే పెట్టలేదు. మా దగ్గర చాలామంది తల్లులు తెల్లవారగానే పనికి వెళ్లిపోతారు. చెల్లికి జడ వేసి, తమ్ముడి చేయి పట్టుకుని బడికి తెచ్చేది ఎనిమిదేళ్ల అక్కే. మా బడిని కలిపేయమంటున్న ఆ పెద్ద బడి మెయిన్ రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు దాటడానికి పెద్దవాళ్లమే భయపడతాం. బడి అటు వెళ్తే మొదట మానేసేది ఆ అక్కే.

మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మెన్ కుటుంబానికి చిన్న పిల్లలుంటే, బడికి వెళ్తున్నారా అని ఒక్కసారి అడగండి. "కాయిదాలు లెవ్వు" అంటే దగ్గర్లోని సర్కారు బడికి మీరే వెంట తీసుకెళ్లండి. ఏ నెలైనా సరే, పని దినమైతే చాలు. ఉదయం ప్రార్థన అయ్యాక వస్తే హెచ్‌ఎం కాస్త తీరిగ్గా మాట్లాడగలుగుతారు.