చపాతీ తినమన్న మాట

రక్తం పట్టడం లేదని మూడేళ్లు ఐరన్ మాత్రలు మింగాను. హిమోగ్లోబిన్ 7 దాటలేదు. అనంతపురంలో ఒక పెద్ద డాక్టరు నా కాగితాలు పూర్తిగా తిప్పకుండానే, "నీకేం రోగం లేదమ్మా, మనసులో దిగులు. అన్నం తగ్గించి చపాతీ తిను" అన్నాడు. ఆ సాయంత్రమే మా ఆయన గోధుమపిండి తెచ్చాడు. పూటకు మూడు చపాతీలు మందులాగా తిన్నాను. ఆ మాటను ఇప్పటికీ క్షమించలేను.

మూడో నెలలో ఆ రాత్రి వచ్చింది. సాయంత్రం నుంచి ఆగని విరేచనాలు. ఒంటిగంటప్పుడు చెంబు అందుకోబోతే వేళ్లు ముడుచుకుపోయాయి. బొటనవేలు అరచేతిలోకి పోయింది, తక్కినవి కొంగముక్కులా బిగుసుకున్నాయి. విప్పితే రావు. పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంది. పక్షవాతమనుకున్నాం. నాలుగేళ్ల పాప గడప దగ్గర నిలబడి చూస్తోంది. బిడ్డను అవతలికి తీసుకుపొమ్మని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. అవ్వ నా వేళ్లు ఒక్కొక్కటే రుద్దుతూ కదిరి నరసింహస్వామిని పిలుస్తూనే ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్తే క్యాల్షియం పడిపోయిందన్నారు. సూదులు, సెలైన్లు, ఎండోస్కోపీ, పేగు ముక్క పరీక్ష. సీలియాక్ అనే పేగు జబ్బని తేలింది.

అక్కడి చిన్న డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా తెంచలేవు. 33 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి తెగకుండా మిగులుతుంది. పేగు గోడలో ట్రాన్స్‌గ్లుటమినేజ్ అనే ఎంజైము అలాంటి ముక్కల రూపు కాస్త మారుస్తుంది. డీక్యూ2, డీక్యూ8 జన్యువులున్న కొందరిలో రక్షణకణాలు వాటిని శత్రువులనుకుని మంట రేపుతాయి. టర్కీ తువ్వాలు పోగుల్లా ఉండే పేగు లోపొర నున్నగా అరిగిపోతుంది. ఇక ఐరన్, క్యాల్షియం ఒంటికి పట్టేదెక్కడ? "దిగులు కాదమ్మా, పేగు" అంది. భోరున ఏడ్చాను.

జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం తినొచ్చంటే అవ్వ ఊరుకోలేదు. "అవన్నీ మనింట్లో ఉండేవే గదా, ఏంటికి మాన్పిస్తిరి?" అని మా ఆయన్ని నిలదీసింది. ఆయన తల దించుకున్నాడు. పాపం, ఆయన తప్పేముంది.

డబ్బా ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని సాంబారు తిని మళ్లీ పడ్డాకే తెలిసింది. ఎవరికైనా అనుమానముంటే, ఈ జబ్బును పట్టే టీటీజీ అనే రక్తపరీక్ష అయ్యేదాకా గోధుమ మానకండి, మానేస్తే రోగం దొరకదు. రక్తసంబంధీకులకూ చేయించండి. పాపకు చేయించాం, ఇప్పటికైతే లేదన్నారు.

నా హిమోగ్లోబిన్ 11కు వచ్చాక కదిరి వెళ్లాం. మొక్కుకుంది అవ్వ, తలనీలాలిచ్చిందీ అవ్వే.